గొళ్ళెం చప్పుడుకు నలభై నిమిషాల దడ: ఒక కేసు పూర్తి వివరాలు

ఇది ఏ ఒక్కరి కేసూ కాదు. ఒకే తీరు బాధలతో వచ్చే పేషెంట్ల వివరాలను కలిపి, జూనియర్ డాక్టర్లకూ కౌన్సెలర్లకూ పనికొచ్చేలా కట్టిన బోధనా కేసు. కొలతలు ఇలాంటి కేసుల్లో మామూలుగా కనిపించే స్థాయిలోనే ఉంచాం.

పేషెంట్ 38 ఏళ్ళ మహిళ. సొంతూరు పాలమూరు వైపు పల్లె. ఇప్పుడు హైదరాబాద్ శివారులో ఒక రెడీమేడ్ బట్టల యూనిట్‌లో లైన్ సూపర్‌వైజర్, కింద నలభై మిషన్లు. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఏడేళ్ళు. ఏడు నెలలుగా ఉన్నట్టుండి గుండె దడ, మెడా దవడా పట్టేయడం, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం. ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు పొద్దున్నే నాలుగైదు విరేచనాలు. రెండుసార్లు అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తింది. రెండుసార్లూ ఈసీజీ బాగానే వచ్చింది, "గ్యాస్ అమ్మా, టెన్షన్ పెట్టుకోకు" అని పంపేశారు.

ఆమె తెచ్చిన ప్లాస్టిక్ కవరు విప్పితే సగం కేసు అందులోనే ఉంది. బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. పాత చీటీ మీద మెడికల్ షాపులో తెచ్చుకుంటూ ఏడు నెలలుగా రోజూ రాత్రి వేసుకుంటున్న క్లోనజెపామ్ (ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే మాత్ర) 0.5 మి.గ్రా. పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర. ఒక ల్యాబ్ ప్యాకేజీ రిపోర్టు, దాంట్లో "ఉదయం 8 గంటల కార్టిసాల్ 21 మైక్రోగ్రాములు" అన్న లైను చుట్టూ ఎర్ర పెన్ను గీత. దాన్ని చూపించి ఎవరో అంటగట్టిన "అడ్రినల్ ఫెటీగ్" (ఒత్తిడికి అడ్రినల్ గ్రంథులు అలసిపోవడమట) పొడి డబ్బా.

ముందు ఆ ఎర్ర గీత సంగతి. కార్టిసాల్ అంటే ఒత్తిడిలో అడ్రినల్ గ్రంథులు వదిలే హార్మోన్. అది నిద్ర లేచిన 30–45 నిమిషాల్లో బాగా పెరిగి, రోజంతా మెల్లగా దిగి, అర్ధరాత్రి దగ్గర అట్టడుగుకు చేరుతుంది. ఉదయం ఎనిమిదింటికి 21 అంటే మామూలే. పొద్దున సూదికి భయపడినా, నిద్ర చాలకపోయినా ఆ అంకె మారుతుంది. ఒక్కసారి తీసిన రక్తంతో ఒత్తిడి వ్యవస్థ ఎలా ఉందో చెప్పలేం. కుషింగ్ జబ్బు (ఒంట్లో కార్టిసాల్ అతిగా ఉండటం) అనుమానం ఉంటే దారి వేరు: అర్ధరాత్రి లాలాజల కార్టిసాల్, లేదా రాత్రి 1 మి.గ్రా. డెక్సామెథాసోన్ ఇచ్చి పొద్దున చూసే పరీక్ష. ఈమెకు ఆ లక్షణాలు లేవు, చేయలేదు. "అడ్రినల్ ఫెటీగ్" వైద్యశాస్త్రం గుర్తించిన జబ్బు కాదు. పొడి ఆపించాం.

తర్వాత ఒంట్లో వెతకాలి. బాల్యం గురించి వినగానే "ఇదంతా మనసే" అని ముడివేయడం, "గ్యాస్" అని పంపేయడం, రెండూ ఒకే రకం తొందర. థైరాయిడ్ సరిగ్గానే ఉంది. ఒంటికి కట్టుకుని తిరిగే 24 గంటల ఈసీజీ యంత్రం హోల్టర్‌లో గుండె వేగం 132 దాకా పోయింది కానీ లయ తప్పలేదు. దడతో పాటు తలనొప్పి, చెమటలు కలిసి వస్తున్నాయి కాబట్టి మెటానెఫ్రిన్లు (అడ్రినల్ గడ్డ ఉంటే పట్టించే రక్తపరీక్ష) కూడా చూశాం, ఇరవై నిమిషాలు పడుకోబెట్టాకే రక్తం తీసి. అదీ మామూలే. ఇన్ని ఈసీజీలు తీసినవాళ్ళు చూడనిది ఒకటి బయటపడింది: హిమోగ్లోబిన్ 9.6, ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ 7. ఏడాదిగా నెలసరి ఎక్కువగా పోతోంది, ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. రక్తహీనత ఒక్కటే చాలు దడకు ఆజ్యం పోయడానికి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్) 6.0, అంటే షుగర్ అంచు.

బీపీ కథ ఇంకా చిత్రం. క్లినిక్‌లో 156/98. ఇంట్లో పొద్దున లేవగానే 104/66, కళ్ళు తిరగడం. ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి పోవడానికి రోజులు పడుతుంది, సగం తగ్గడానికే 30–50 గంటలు. అందుకని రెండు వారాలు ఆపి, ఇంట్లో కొలుచుకుంటూ ఉండమని, ఆ తర్వాత 24 గంటల బీపీ యంత్రం కట్టాం. పగలు సగటు 128/80, రాత్రి 118/69. ఈ రెండూ హద్దులోపలే, కాబట్టి మాత్ర మళ్ళీ మొదలుపెట్టలేదు. కానీ రాత్రి నిద్రలో పై బీపీ కనీసం 10 శాతం దిగాలి, ఈమెకు 8 శాతమే దిగింది. యంత్రం కఫ్ బిగుసుకున్నప్పుడల్లా మెలకువ వచ్చిందా అని అడగాలి. వస్తే రాత్రి అంకెను సగమే నమ్మాలి. ఈమెకు రెండుసార్లే వచ్చింది.

బాల్యం గురించి మొదటి రోజు అడగలేదు. మొదటి రోజు అడిగినవి రెండే, భర్తను బయట కూర్చోబెట్టి: చచ్చిపోవాలనిపిస్తోందా, ఇప్పుడు ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా. రెండింటికీ లేదంది. రెండో ప్రశ్న వదిలేయకూడదు. ఇప్పటికీ దెబ్బలు తినే ఇంట్లో ఉన్న మనిషికి "ఆ చప్పుడు ప్రమాదం కాదు" అని నేర్పడం తప్పు. అక్కడ ఆమె శరీరం చెబుతున్నదే నిజం.

రెండో రోజు అడిగిన తీరు ఇది. "హింస", "వేధింపు" అన్న మాటలు వాడలేదు. వాటికి చాలామంది "అట్లాంటిదేం లేదు మేడం" అనేస్తారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో అది హింస కాదు, ఇల్లు. "చిన్నప్పుడు మీ ఇంట్లో రాత్రిళ్ళు ఎట్లా ఉండేది?" అని అడిగి ఊరుకున్నాం. అపాయింట్‌మెంట్‌లో ఆఖరి పది నిమిషాల్లో ఈ ప్రశ్న వేయకూడదు. తెరిచింది మూసే సమయం ఉండాలి.

"మా నాయిన పదకొండుకో పన్నెండుకో వస్తుండె మేడం. గొళ్ళెం తీసే చప్పుడుకే లేస్తుంటి. అడుగులు వింటే తెలుస్తుండె, ఇయ్యాల కొడ్తడా, పంటడా అని. నాయినమ్మ తలుపుకూ మాకూ నడుమ పండుకుంటుండె."

ఏడో ఏట అమ్మానాన్నా ముంబై వైపు మట్టి పనికి వలస పోయారు. పిల్లలు నాయినమ్మ దగ్గర, కొన్ని నెలలు ఒక పూట గట్కతోనే. ఆరో తరగతి నుంచి హాస్టల్. చిన్ననాటి కష్టాలను లెక్కపెట్టే ఏసీఈ ప్రశ్నావళి ప్రకారం పదికి ఐదు. ఆ అంకెను ఫైల్లో రాశాం కానీ దాంతో ఏమీ నిర్ణయించలేదు. శాన్ డియేగోలో 1995–97 మధ్య 17,000 మందికి పైగా మీద జరిగిన ఏసీఈ అధ్యయనం జనాభా మొత్తం మీద ఒక విషయం గట్టిగా చూపింది: చిన్ననాటి కష్టాల రకాలు పెరిగేకొద్దీ పెద్దయ్యాక జబ్బులు మెట్లు మెట్లుగా పెరుగుతాయి. కానీ ఆ అధ్యయనం చేసిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ ఆండాయే 2020లో, ఈ స్కోరును ఒక మనిషి రాతను చెప్పడానికి వాడొద్దని సహరచయితలతో కలిసి రాశారు. స్కోరు నాయినమ్మను లెక్కపెట్టదు. తలుపుకు అడ్డంగా పడుకున్న ఒక పెద్దమనిషి ఉండటం, లేకపోవడం, వైద్యానికి చాలా తేడా చేస్తుంది. ఈమెకు నమ్మకం అంటే ఏమిటో ఒంటికి తెలుసు, మొదటినుంచీ నేర్పనక్కర్లేదు.

బాధలు ఏడు నెలల కిందే ఎందుకు మొదలయ్యాయి? చిన్నకూతురికి ఏడేళ్ళు నిండాయి, తల్లిని అమ్మానాన్నా వదిలిపోయిన వయసు. ఇలాంటి పోలిక వినడానికి బాగుంటుంది, అందుకే అనుమానించాలి. అదే నెలలో యూనిట్‌కు కేకలు వేసే కొత్త మేనేజర్ వచ్చాడు, డబుల్ షిఫ్టులు మొదలయ్యాయి, అద్దె ఇల్లు మారారు. కొత్త ఇంటికి ఇనుప గేటు, పాత రకం గొళ్ళెం. రక్తం అప్పటికే తక్కువ. దేని వాటా ఎంతో విడదీయలేం, విడదీయనక్కర్లేదు కూడా.

ఇక లోపల జరిగేది. చప్పుడు వినగానే సెకన్లలో సింపథెటిక్ నరాలు గుండెను పరిగెత్తిస్తాయి. దాని వెనకే మెదడులోని హైపోథాలమస్ పిట్యుటరీకి, పిట్యుటరీ ఏసీటీహెచ్ అనే హార్మోన్ ద్వారా అడ్రినల్‌కు కబురు పంపుతాయి. కార్టిసాల్ 20–30 నిమిషాలకు పతాక స్థాయికి చేరుతుంది. ఆ కార్టిసాలే తిరిగి మెదడులోని, ముఖ్యంగా హిప్పోక్యాంపస్‌లోని, గ్రాహకాలకు (హార్మోన్ అతుక్కునే చోట్లకు) తగిలి "ఇక చాలు" అంటుంది. ఎక్కించే తీగ ఒకటి, దించే తీగ ఒకటి. మాంట్రియల్‌లో మైఖేల్ మీనీ బృందం 2004లో ఎలుకల్లో చూపింది ఈ దించే తీగ గురించే: తల్లి ఎక్కువగా నాకి సాకిన పిల్లల్లో ఆ గ్రాహకాల జన్యువు తెరుచుకుని ఉంటుంది, తక్కువగా సాకిన పిల్లల్లో దాని మీద మిథైల్ ముద్రలు (జన్యువును మూసి ఉంచే రసాయన గుర్తులు) పడి గ్రాహకాలు తగ్గుతాయి. అదే బృందం 2009లో చిన్నప్పుడు హింసకు గురై ఆత్మహత్య చేసుకున్నవాళ్ళ మెదడు కణజాలంలోనూ అలాంటి గుర్తులు చూసింది. ఇది చనిపోయినవాళ్ళ మెదడులో చూసిన విషయం. బతికున్న పేషెంట్ రక్తంలో మిథైలేషన్ చూసి వైద్యం మార్చే పరీక్ష ఏదీ లేదు, ఎవరైనా అమ్మితే కొనొద్దు.

మనుషుల్లో అందరికీ ఒకేలా జరగదు, ఇక్కడే చాలామంది తడబడతారు. 2000లో క్రిస్టీన్ హైమ్ బృందం, చిన్నప్పుడు హింసకు గురైన మహిళలను కొత్తవాళ్ళ ముందు ప్రసంగించమని, గబగబా లెక్కలు చేయమని నిలబెట్టింది. హింస నేపథ్యంతో పాటు డిప్రెషన్ కూడా ఉన్నవాళ్ళలో ఏసీటీహెచ్ స్పందన మామూలువాళ్ళ కన్నా ఆరు రెట్లకు పైగా ఉంది. బుఖారెస్ట్‌లో అనాథాశ్రమాల్లోని 136 మంది పిల్లలతో నడిచిన అధ్యయనంలో దీనికి తలకిందులు: ఆశ్రమంలోనే ఉండిపోయిన పిల్లలకు పన్నెండేళ్ళ వయసులో ఒత్తిడి పెట్టినా కార్టిసాల్, గుండె స్పందన రెండూ మందంగా ఉన్నాయి. రెండేళ్ళలోపే పెంపుడు కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళలో మామూలుకు దగ్గరగా ఉన్నాయి. అంటే భయం ఉన్న ఇల్లు ఒక రకంగా, ఎవరూ లేని ఇల్లు ఇంకో రకంగా పనిచేయవచ్చు. ఈ పేషెంట్‌కు చిన్నప్పుడు రెండూ ఉన్నాయి. అలాగని ఈ వ్యవస్థ రెండేళ్ళకే బిగిసిపోదు: అనాథాశ్రమాల నుంచి అమెరికాకు దత్తత వెళ్ళిన పిల్లల్లో యుక్తవయసు మార్పులతో మందకొడి స్పందన మళ్ళీ సర్దుకోవడాన్ని మేగన్ గన్నర్ బృందం 2019లో చూపింది.

ఇదంతా ఎందుకంటే, ఏం కొలవాలో ఇక్కడే తేలుతుంది. దడ ఎంత ఎత్తుకు పోయిందన్నది అందరూ చూస్తారు. ఈ కేసులో మేం కొలిచింది దిగడానికి పట్టిన సమయం.

పద్ధతి ఇలా. మూడు రోజులు, పూట పూటకు ఐదు నిమిషాలు కూర్చున్నాక వేలికి పెట్టే ఆక్సిమీటర్‌తో నాడి చూస్తే సగటు 78. చప్పుడు, కేక, ఫోన్, ఏదో ఒకటి తగిలినప్పుడు వెంటనే ఒకసారి, తర్వాత ఐదు నిమిషాలకోసారి చూసి పాత క్యాలెండర్ వెనక రాయాలి. మామూలు అంకెకు ఐదు బీట్ల లోపు దిగేదాకా. మొదటి రెండు వారాల్లో ఆరు ఘటనలు: సగటున 121 దాకా ఎక్కింది, దిగడానికి 42 నిమిషాలు. ఆ 42 నిమిషాల్లోనే ఇంకో కేక వినబడితే మెట్టు మీద మెట్టు. సాయంత్రానికి ఆమె దిగనే దిగదు, రాత్రి బీపీ తగ్గకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. రెండో వారంలో ఆమె ఆక్సిమీటర్‌ను రోజుకు ముప్పైసార్లు పెట్టుకోవడం మొదలుపెట్టింది. చూడటమే దడ తెచ్చేది. రోజుకు రెండు ఘటనలకు మించి కొలవొద్దని, మిగతా సమయంలో యంత్రం బీరువాలో ఉండాలని నియమం పెట్టాక సర్దుకుంది. ఈ నియమం మొదటి రోజే చెప్పాల్సింది.

వైద్యంలో మొదటిది ఐరన్: రోజు విడిచి రోజు 100 మి.గ్రా., టీకి గంట ముందో రెండు గంటల తర్వాతో. గైనకాలజిస్టు దగ్గరికి పంపాం. రోజుకు నాలుగు టీలతో మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చే అలవాటు మాన్పించి, పొద్దున ఎనిమిదికల్లా ఏదో ఒకటి తినమన్నాం. ఆకలి ఈమెకు ఉత్త ఆకలి కాదు, ఒంటికి పాత ప్రమాద ఘంట. పళ్ళెం ఐదు నిమిషాల్లో ఖాళీ చేసే అలవాటూ, ఇంట్లో ఆరు నెలల బియ్యం నిల్వ ఉంటే తప్ప నిద్రపట్టకపోవడమూ అక్కడివే. బియ్యం జోలికి మేం పోలేదు.

క్లోనజెపామ్ ఒక్కసారిగా ఆపకూడదు, దడ రెట్టింపవుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. రెండు వారాలకు 0.125 మి.గ్రా. చొప్పున తగ్గించాం. 0.25 మాత్రను సగం చేయడం తేలికే. 0.25 దగ్గర నిద్ర బాగా చెడింది, అక్కడ ఇంకో రెండు వారాలు ఆగి దిగాం. లేచే సమయం మాత్రం ఎప్పుడు పడుకున్నా 5:30కే.

శ్వాస అభ్యాసం మొదటి వారం ఎదురుతిరిగింది. నాలుగు సెకన్లు లోపలికి, ఆరు సెకన్లు బయటికి, నిమిషానికి ఆరు శ్వాసలు, కళ్ళు మూసుకుని పది నిమిషాలు అని చెప్పాం. కళ్ళు మూయగానే ఆమె చెవులు తలుపు మీదికి పోయాయి. గట్టిగా లోతుగా పీల్చడంతో వేళ్ళు తిమ్మిరెక్కి, తల తేలిపోయి, ఇంకో దడ వచ్చింది. రాత్రి కాపలా కాసి పెరిగిన మనిషికి కళ్ళు మూసుకోమనడం కాపలా వదిలేయమనడమే. మార్చింది ఇలా: వీపు గోడకు, ముఖం తలుపుకు, కళ్ళు తెరిచే. ముక్కుతో, చిన్నగా, పొట్ట పెద్దగా కదలనక్కర్లేదు. మూడు సెకన్లు లోపలికి, నాలుగు బయటికి. లెక్క బొటనవేలితో వేళ్ళ కణుపుల మీద, నాలుగు వేళ్ళకు పన్నెండు కణుపులు, పన్నెండు శ్వాసలు. మొదట ఒక్క చుట్టే. మూడో వారానికి నాలుగు-ఆరు లయకు, ఐదు చుట్లకు వచ్చింది. దడ వచ్చినప్పుడు కాదు, రానప్పుడు చేయాలి. దడలో చేస్తే అది పరీక్ష అవుతుంది.

తర్వాత గొళ్ళెం. పట్టపగలు తనే గేటు గొళ్ళెం వేసి తీయడం, రోజుకు పదిసార్లు. తర్వాత పెద్దమ్మాయి "అమ్మా, తీస్తున్నా" అని చెప్పి తీయడం. ఆపై చెప్పకుండా, పగలే. చివరగా రాత్రి తొమ్మిదికి. ప్రతిసారీ ముందు "ఏం జరుగుతుందనుకుంటున్నావు" అని రాసి, తర్వాత ఏం జరిగిందో రాయాలి. వారానికొక సెషన్, మొత్తం పన్నెండు, ట్రామా చికిత్సలో శిక్షణ ఉన్న సైకాలజిస్టుతో. నాలుగో వారంలో భర్త సాయం చేద్దామనుకుని రాత్రి పదకొండింటికి చెప్పకుండా గొళ్ళెం లాగాడు. ఆ రాత్రంతా నిద్ర లేదు, వారం వెనక్కి పోయాం. భర్తను మొదటి సెషన్‌లోనే కూర్చోబెట్టి, మెట్లు దాటొద్దని చెప్పి ఉండాల్సింది.

ఆరో వారం దాకా ఆందోళనను కొలిచే జీఏడీ-7 స్కోరు 13 నుంచి 12కే దిగింది. పది దాటే ఉంటే మందు మొదలుపెడదామని ముందే ఒప్పుకున్నాం కాబట్టి ఆందోళనకూ డిప్రెషన్‌కూ వాడే సెర్ట్రలిన్ 25 మి.గ్రా. ఒక వారం, తర్వాత 50. పది రోజులు విరేచనాలు ఎక్కువయ్యాయి, అవి వస్తాయని చెప్పి ఉండటంతో మానేయలేదు. పీటీఎస్‌డీ (పాత భయానక అనుభవం వదలకుండా వెంటాడే జబ్బు) అని రోగనిర్ధారణ రాయలేదు. దాన్ని కొలిచే ప్రశ్నావళి పీసీఎల్-5లో 29, మామూలుగా వాడే 31–33 హద్దుకు కిందే.

పదహారో వారం: హిమోగ్లోబిన్ 12.1, జీఏడీ-7 ఐదు, క్లోనజెపామ్ లేదు. నాడి విశ్రాంతి అంకె 72కి దిగింది, ఐరన్ వల్లే ఎక్కువ భాగం. దిగడాన్ని కొత్త 72తోనే పోల్చాలి, పాత 78తో పోలిస్తే ఫలితం మంచిగా కనిపించి మోసపోతాం. చప్పుడుకు ఎక్కడం 121 నుంచి 114కి, పెద్ద మార్పేం కాదు. దిగడం 42 నిమిషాల నుంచి 14కి. ఆరు నెలలకు మళ్ళీ 24 గంటల బీపీ కడితే రాత్రి తగ్గుదల 11 శాతం. ఐరన్, మందు, సెషన్లు, మేనేజర్ వేరే యూనిట్‌కు మారిపోవడం, ఏది ఎంత చేసిందో ఈ కేసు చెప్పలేదు. హెచ్‌బీఏ1సీ 5.9, దాని పని ఇంకా ఉంది. సెర్ట్రలిన్ ఏడాది దాకా కొనసాగుతుంది. రాత్రివేళ మళ్ళీ భయమేస్తే ఎమర్జెన్సీకి పరిగెత్తే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయమని, ఛాతీ నొప్పి ఎడమ చేతిలోకి లాగినా ఊపిరి అందకపోయినా మాత్రం నేరుగా ఆసుపత్రికే పొమ్మని చీటీ మీద రాసిచ్చాం.

చివరి విజిట్‌లో ఆమె అడిగింది: "ఇది నా పిల్లలకు అంటుతదా మేడం?" ఎలుకల్లో చూసినది మనుషుల్లో తరాలు దాటి పోతుందని చెప్పే ఆధారం బలంగా లేదు. పిల్లలకు చేరేది ఎక్కువగా ఇంటి వాతావరణం ద్వారా. అరిచాక పది నిమిషాల్లో వెళ్ళి పిల్లతో మాట్లాడితే దానికి దిగడం అలవాటవుతుందని చెప్పాం.

మెట్లెక్కి వచ్చేది ఎవరో అడుగుల చప్పుడును బట్టి ఇప్పటికీ ముందే చెబుతుంది. దాన్ని తగ్గించే ప్రయత్నం మేం చేయలేదు, ఆమె అడగలేదు.